నోటా, తాకట్టా? కాలదోషం లెక్క

మా కావలి వైపు అప్పంటే ముందు గుర్తొచ్చేది ప్రాంసరీ నోటే. ఖర్చు తక్కువ, పని తేలిక. కానీ అడగ్గానే చెల్లించాల్సిన నోటు మీద దావా వేయడానికి గడువు, నోటు రాసిన తేదీ నుంచి 3 ఏళ్లే; అది దాటితే కాలదోషం పట్టినట్టే. ఆలోగా కొంత డబ్బు కట్టించుకుని, నోటు వెనక అప్పుదారు సంతకంతో చెల్లు వేయిస్తే గడువు మళ్లీ మొదలవుతుంది. నోటిమాట చాలదు. కాలదోషం పట్టాక దావా వేస్తే, ప్రతివాది ఆ మాట ఎత్తకపోయినా 1963 కాలపరిమితి చట్టం 3వ సెక్షన్ ప్రకారం కోర్టు కొట్టేయాల్సిందే. ఆలస్యాన్ని మన్నించే 5వ సెక్షన్ దావాలకు వర్తించదు. ఇది తెలియక కష్టార్జితం పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది.

పెద్ద మొత్తమైతే నేను భూమి తాకట్టే మేలంటాను. రిజిస్ట్రేషన్ ఖర్చున్నా, భూమి అమ్మించి బాకీ రాబట్టుకోవడానికి చెల్లించాల్సిన రోజు నుంచి 12 ఏళ్లుంటాయి. ఆఖరి రోజు కోర్టుకు సెలవైతే, తెరిచిన రోజు ఏ దావా అయినా వేయొచ్చు.