రూపాయి గుర్తున్న వాట్సాప్: గద్వాల చీరల దుకాణానికి ఎంత లాభం, ఎంత గుట్టు

గద్వాల చీర ఇప్పుడు కస్టమర్ చేతికి చేరేముందు వాట్సాప్‌లో ఒక చుట్టు తిరిగి వస్తోంది. అంచు ఫోటో, కొంగు ఫోటో, "ఇది ఇంకా ఉందా అన్నా?", ధర, అడ్రసు, పైసలు, కొరియర్ రసీదు అన్నీ ఒకే చాట్‌లో. నల్లగొండ బత్తాయి కమిషన్ వ్యాపారం, మిర్యాలగూడ రైస్‌మిల్లుల బేరాలు కూడా ఇంతే. కాబట్టి ఈ యాప్‌ను దుకాణం నడిపే సామానుగానే తూచాలి. తీర్పు ముందే: మాటకు 5లో 4, పైసలకు 5లో 2. రెండూ ఒకే నెంబరు మీద పెట్టుకుని దాన్నే నమ్ముకుంటే 5లో 1.

ముందు పైసల సంగతి. చాట్‌లో పైసలు పంపడానికి నొక్కే రూపాయి గుర్తు వెనకున్నది యూపీఐయే. వాట్సాప్ దగ్గర మీ పైసలు ఏమీ నిలవ ఉండవు, మీ బ్యాంకు ఖాతాలోంచి నేరుగా ఎదుటి ఖాతాకు పోతాయి. 2018లో ట్రయల్‌గా మొదలై, 2020 నవంబర్‌లో యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ అనుమతితో కొద్దికొద్దిగా పెరిగి, 2024 డిసెంబర్ చివర్లో గానీ ఇంతమందికే అన్న పరిమితి పోలేదు. ఆలోపు యూపీఐ లావాదేవీల్లో అత్యధిక భాగం ఫోన్‌పే, గూగుల్ పే పంచేసుకున్నాయి. గల్లా పక్కన "వంద రూపాయలు వచ్చాయి" అని అరిచే డబ్బా ఎవరిదో చూడండి, పేటీఎందో ఫోన్‌పేదో అయి ఉంటుంది. గిరాకీ రద్దీలో ఫోన్ తీసి చూడకుండా పైసలు పడ్డాయో లేదో తెలియాలి, ఆ పని వాట్సాప్‌తో కాదు.

మొదటిసారి కలుపుకునేటప్పుడు చాలామందికి ఆగిపోయేది ఎస్ఎంఎస్ దగ్గర. బ్యాంకును ఎంచుకోగానే ఫోన్ నుంచి ఒక ఎస్ఎంఎస్ పోతుంది, దానితోనే బ్యాంకు మీ నెంబరును గుర్తుపడుతుంది. డేటా ఒక్కటే వేయించుకున్న సిమ్‌లో ఎస్ఎంఎస్ పోదు. రెండు సిమ్‌లు ఉంటే బ్యాంకులో ఇచ్చిన నెంబరు ఏ సిమ్‌దో దాన్నే ఎంచుకోవాలి, పైగా వాట్సాప్ నడిచేది కూడా ఆ నెంబరు మీదే అయి ఉండాలి. మన ఊళ్ళల్లో తల్లి ఖాతాకు కొడుకు నెంబరు ఇచ్చి ఉండడం మామూలే కదా, అక్కడ తల్లి ఫోన్‌లో ఎన్నిసార్లు ప్రయత్నించినా కలవదు. బ్రాంచికి పోయి నెంబరు మార్పించుకోవడమే దారి. ఇంకొకటి, ఏపీజీవీబీ (ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంక్) ఖాతాదారులు బ్యాంకుల జాబితాలో తెలంగాణ గ్రామీణ బ్యాంక్ అని వెతకాలి. 2025 జనవరి 1 నుంచి మన దిక్కు బ్రాంచులన్నీ అందులో కలిశాయి. ఏటీఎం కార్డు గడువు దాటిపోతే పిన్ పెట్టుకోవడానికి ఆధార్ ఓటీపీ దారి ఉంది, బ్యాంకు దాన్ని ఇస్తుంటే.

అమెరికా నెంబరు మీద వాట్సాప్ వాడే కస్టమర్‌కు ఈ రూపాయి గుర్తు పనికిరాదు. పండుగ ముందు పెద్ద ఆర్డర్లు వచ్చేది అక్కడి నుంచే గనుక ఇది చిన్న లోపమేమీ కాదు.

ఇక గుట్టు సంగతి. వాట్సాప్ 2016 నుంచి మామూలు చాట్‌లన్నిటికీ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఇస్తోంది. పంపిన ఫోన్, అందుకున్న ఫోన్ తప్ప మధ్యలో ఎవరూ చదవలేరు, కంపెనీ కూడా. ఇది నిజమే, గట్టి తాళమే. చిక్కు ఎక్కడంటే, యాప్‌లోకి తర్వాత వచ్చిన కొన్ని సౌకర్యాలు ఆ తాళానికి బయటే కూర్చున్నాయి. పేమెంట్లకు ఈ ఎన్‌క్రిప్షన్ వర్తించదని వాట్సాప్ తనే చెప్తుంది. ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది తెలియకుండా బ్యాంకు పైసలు కదపలేదు కదా. చానెల్స్‌కూ ఈ తాళం లేదు. నీలి గుండ్రం నొక్కి మెటా ఏఐని అడిగిన ప్రశ్న వాట్సాప్ యజమాని మెటా కంపెనీకి చేరుతుంది. పెద్ద కంపెనీలతో, సర్కారు సేవలతో చేసే చాట్ పైభాగంలో, ఈ చాట్‌ను నడపడానికి ఆ సంస్థ మెటా సర్వీసునో వేరే కంపెనీనో వాడుతోందని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నొక్కి చదివేవాళ్ళు తక్కువ. అక్కడ మీరు పెట్టే ఆధార్ ఫోటో అవతలి సంస్థ తరఫున ఆ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ సర్కారు 2025 జనవరిలో మన మిత్ర పేరుతో సేవల్ని వాట్సాప్‌లోకి తెచ్చినప్పటి నుంచి ఈ చిన్న అక్షరాల విలువ పెరిగింది. సర్టిఫికెట్ కోసం లైన్లో నిలబడే బాధ తప్పడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ పౌరుడి కాగితం ఒక ప్రైవేటు కంపెనీ గుమ్మం మీదుగా పోతోందన్న మాట మర్చిపోకూడదు.

తాళం వేసిన చాట్‌లో కూడా లోపలి మాట తప్ప మిగతావన్నీ కంపెనీకి తెలుస్తాయి: ఏ నెంబరు, ఏ నెంబర్లతో, ఏ ఇంటర్నెట్ అడ్రసు (ఐపీ) నుంచి, ఏ గ్రూపుల్లో, ఎంత తరచుగా. చట్టప్రకారం అడిగితే పోలీసులకు అందేదీ ఇదే. 2021 జనవరిలో తెచ్చిన ప్రైవసీ పాలసీ మీద కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో మెటాకు 213.14 కోట్ల జరిమానా వేసింది కూడా, వాట్సాప్ సమాచారాన్ని మిగతా మెటా కంపెనీలతో పంచుకోవడానికి ఒప్పుకుంటేనే వాడుకో అన్నట్టు నడిపినందుకు. కంపెనీ అప్పీలుకు పోయింది.

మాట, పైసలు, సర్కారు సేవ ఒకే గూట్లో పడితే చివరికి ఎలా ఉంటుందో చూడాలంటే చైనా వీచాట్‌ను చూడాలి. టెన్సెంట్ కంపెనీ 2011లో తెచ్చింది. టీకొట్టు బిల్లు నుంచి ఆసుపత్రి టోకెన్ దాకా అందులోనే. దానికి ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. చైనా నెంబరుతో తెరిచిన ఖాతాల మధ్య నిషిద్ధ పదం ఉన్న మెసేజ్ పంపితే అవతలికి చేరదు, చేరలేదని పంపినవాడికి చెప్పదు కూడా. టొరంటోలోని పరిశోధన సంస్థ సిటిజన్ ల్యాబ్ 2020లో ఇంకో సంగతి బయటపెట్టింది: చైనా బయటి ఖాతాలు పంపుకునే ఫోటోలు, ఫైళ్ళను కూడా పరిశీలించి, వాటితో లోపలివాళ్ళ మీద వేసే వడపోతను పదును పెడుతున్నారని. వూహాన్ డాక్టర్ లీ వెన్‌లియాంగ్ 2019 డిసెంబర్ 30న తోటి డాక్టర్ల వీచాట్ గ్రూపులో కొత్త జబ్బు గురించి హెచ్చరించాడు, నాలుగు రోజులకే పోలీసులు పిలిచి పుకార్లు పుట్టిస్తున్నావని సంతకం పెట్టించుకున్నారు. గ్రూపులో ఉన్నది చదువుకున్నప్పటి స్నేహితులే. 2022 అక్టోబర్‌లో బీజింగ్ వంతెన మీద నిరసన బ్యానర్ ఫోటోలు పంచుకున్నవాళ్ళ ఖాతాలు మూసేస్తే, తిరిగి తెరవమని టెన్సెంట్‌ను బతిమాలుకుంటూ చేత్తో క్షమాపణ పత్రాలు రాశారు. ఒక మెసేజ్ యాప్ పోతే ఎవరూ అంత దిగరు. దానితోపాటు బతుకుతెరువు పోతుంది గనుకే దిగారు.

వీచాట్‌ను మన దేశంలో 2020 జూన్ 29న టిక్‌టాక్‌తోపాటు ఆపేశారు, 59 యాప్‌ల జాబితాలో. వాడింది యాప్‌లను ఆపే అధికారం సర్కారుకిచ్చే ఐటీ చట్టం సెక్షన్ 69ఏ. అదే అధికారంతో 2023లో ఎలిమెంట్, బ్రయర్, త్రీమా లాంటి 14 మెసేజ్ యాప్‌లను కూడా ఆపారు. అంటే వీచాట్ నిఘా నుంచి మనల్ని కాపాడిన కత్తికే, గుట్టు కాపాడే యాప్‌లు కూడా తెగాయి. 2021 ఐటీ నిబంధనల్లో మెసేజ్ మొదట పుట్టించినవాడిని చూపించాలన్న షరతుంది. దానిమీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకెక్కింది, ఎన్‌క్రిప్షన్ పగలగొట్టమంటే దేశంలో ఉండలేమని 2024 ఏప్రిల్‌లో చెప్పింది.

మనకు వీచాట్ గతి పట్టకుండా అడ్డున్నది వాట్సాప్ మంచితనం అనుకోవద్దు. యూపీఐ కట్టడంలోనే ఆ అడ్డు ఉంది. ఖాతా బ్యాంకులో, దారి ఎన్‌పీసీఐది, యాప్ ఒట్టి తలుపు. ఒక తలుపు మూస్తే ఇంకో యాప్ దింపుకుని అదే ఖాతా కలుపుకోవచ్చు. తలుపూ ఖాతా రెండూ ఒకరివే అయితే ఏమవుతుందో 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకు మీద రిజర్వ్ బ్యాంకు చర్య తీసుకున్నప్పుడు చిల్లర దుకాణాలన్నిటికీ తెలిసొచ్చింది. మార్చి 15 తర్వాత ఆ ఖాతాల్లో పైసలు వేయడానికి లేకుండా పోయింది, వేరే బ్యాంకుకు మారక తప్పలేదు.

వాట్సాప్‌లో దుకాణాలకు నిజంగా తగిలే దెబ్బ సెన్సార్ కంటే నెంబరు బ్యాన్. కంపెనీ ఇండియాలో బ్యాన్ చేసిన ఖాతాల లెక్కను నెలనెలా ప్రచురిస్తుంది, ఆ సంఖ్యలు లక్షల్లో ఉంటాయి. చీరల వాళ్ళు చిక్కేది ఇలా: కొత్త సరుకు రాగానే నెంబరు సేవ్ చేసుకోని వందలమందికి ఒకేసారి ఫోటోలు కొడతారు, కొందరు స్పామ్ అని రిపోర్ట్ నొక్కుతారు. రిపోర్ట్ నొక్కితే ఆ చాట్‌లో చివరి 5 మెసేజ్‌లు కంపెనీకి పోతాయి, ఎన్‌క్రిప్షన్ అడ్డురాదు. జీబీ వాట్సాప్ లాంటి నకిలీలు వాడినా ఇదే గతి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ వాడడం మేలు. 256 మంది వరకు పెట్టుకోవచ్చు, మీ నెంబరు సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది, కాబట్టి తిట్టుకుని రిపోర్ట్ కొట్టేవాళ్ళు తక్కువ. బ్యాన్ పడితే యాప్‌లోనే రివ్యూ అడగాలి. అప్పటికీ తెరవకపోతే కంపెనీ ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాసి, ఆ జవాబు అందిన 30 రోజుల్లో కేంద్రం పెట్టిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు వేయొచ్చు, ఫీజు లేదు. కస్టమర్ల నెంబర్లు ఒక నోటుపుస్తకంలోనో ఎక్సెల్‌లోనో వేరుగా లేకపోతే ఆలోపు వ్యాపారం గాల్లోనే.

తెరిచిన ఫోన్ వేరేవాళ్ళ చేతికి చిక్కితే ఎన్‌క్రిప్షన్ తాళం ఆపలేదు. 2021 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద ఆపి, చాట్‌లో గంజాయి అన్న పదం వెతికిన వీడియోలు అందరూ చూసినవే. యాప్ లాక్, చాట్ లాక్ పెట్టుకోవడం అందుకే. చాట్‌ను ఒత్తిపట్టి లాక్ చేసి, తర్వాత లాక్ అయిన చాట్ల సెట్టింగ్స్‌లో సీక్రెట్ కోడ్ పెడితే ఆ చాట్ జాబితాలోనే కనబడదు.

సెట్టింగ్స్‌లో ముఖ్యమైనవి మూడే. చాట్స్‌లోకి పోయి చాట్ బ్యాకప్ కింద ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేయాలి. ఇది లేకపోతే గూగుల్ డ్రైవ్‌లో ఉన్న కాపీకి ఆ తాళం ఉండదు, చాట్‌కు వేసిన తాళం ఉత్తదవుతుంది. ఆ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ కూడా తీసివ్వలేదు, కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అకౌంట్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ 6 అంకెల పిన్, దాంతోపాటు ఈమెయిల్. స్టోరేజ్‌లో మీడియా ఆటో-డౌన్‌లోడ్‌కు పోయి డాక్యుమెంట్స్ టిక్ తీసేయాలి. పీఎం కిసాన్ అనో ట్రాఫిక్ చలాన్ అనో వచ్చే ఏపీకే ఫైళ్ళు (ఫోన్‌లో యాప్‌ను ఎక్కించే ఫైళ్ళు) డాక్యుమెంట్‌గానే దిగుతాయి, ఇన్‌స్టాల్ చేస్తే మీ ఎస్ఎంఎస్‌లు చదివి ఖాతా ఊడ్చేస్తాయి.

బదులు ఏం వాడాలి? బేరం, ఫోటోలు వాట్సాప్‌లోనే కానివ్వండి, కస్టమర్లంతా అక్కడే ఉన్నారు. పైసలకు క్యూఆర్ వేరే యాప్‌ది, వీలైతే బ్యాంకుదే. దీనివల్ల మీ లావాదేవీ ఎవరికీ తెలియకుండా పోదు, ఆ యాప్‌కూ బ్యాంకుకూ ఎన్‌పీసీఐకీ తెలుస్తూనే ఉంటుంది. ఎవరితో ఏం మాట్లాడుతున్నారు, ఎవరికి ఎంత కడుతున్నారు అన్న రెండు చిట్టాలూ ఒకడి చేతిలో పడవు, అంతే. సంఘం మాటలకు, విలేకరులతో మాటలకు సిగ్నల్ యాప్ మేలు. 2024 నుంచి అందులో యూజర్‌నేమ్ ఉంది, నెంబరు ఇవ్వకుండా మాట్లాడొచ్చు.

కస్టమర్ పేమెంట్ అయిందని స్క్రీన్‌షాట్ పంపితే దాన్ని చూసి చీర ప్యాక్ చేయకండి. చాట్‌లోనే కట్టిన పేమెంట్ వేరే కార్డులా కనబడుతుంది, స్క్రీన్‌షాట్ మామూలు ఫోటోలా వస్తుంది. కార్డు వచ్చినా 12 అంకెల యూటీఆర్ (లావాదేవీ గుర్తింపు) నెంబరును బ్యాంకు స్టేట్‌మెంట్‌లో సరిచూసుకున్నాకే పార్శిల్ కొరియర్‌కు ఇవ్వాలి. పైసలు మోసపోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఆ గంటలోనే ఫోన్ చేయాలి, పైసలు ఇంకో ఖాతా మారకముందే ఆపడానికి దొరికే వ్యవధి అంతే.