రెట్రో డిజిటల్ వాచీ కొంటున్నారా? ఒరిజినల్ ధరకే డూప్లికేట్ అంటగడుతున్నారు, జాగ్రత్త

క్యాసియో ఎఫ్-91డబ్ల్యూ లాంటి పాతకాలపు డిజిటల్ వాచీలు ఆన్‌లైన్‌లో కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. డూప్లికేట్ అనగానే ఫుట్‌పాత్ మీద రెండొందలకో మూడొందలకో దొరికే సరుకే అనుకుంటాం. మాకు వచ్చింది అలాంటిది కాదు. దాదాపు ఒరిజినల్ ధర తీసుకున్నారు, ఒరిజినల్ ఫొటోలే పెట్టారు, పంపింది మాత్రం నకిలీ.

మా అక్క కొడుక్కి ఈమధ్య ఈ వాచీల మీద మోజు పుట్టింది. కాలేజీలో చాలామంది చేతికి ఇవే ఉంటున్నాయట. వాడి పుట్టినరోజుకని ఒక షాపింగ్ యాప్‌లో ఆర్డర్ పెట్టాం. అమ్మింది యాప్ వాళ్లు కాదు, అందులో దుకాణం పెట్టుకున్న వేరే సెల్లర్. రేటింగ్ కూడా బాగానే ఉంది. పెట్టె తెరిచిన రోజు ఎవరికీ అనుమానం రాలేదు. డయల్ చుట్టూ నీలం గీత, ఎడమవైపు లైట్, మోడ్ అన్న అక్షరాలు, అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి.

వారం తిరక్కుండానే టైము నిమిషాల లెక్కన వెనకబడింది. వాడు చేతులు కడుక్కుని వస్తే అద్దం లోపల ఆవిరి పట్టేది. కాస్త పక్కనుంచి చూస్తే, వెలగకూడని గీతలు కూడా అంకెల వెనక నీడల్లా కనిపించి 3 ఏదో 8 ఏదో తెలిసేది కాదు.

మా వీధి చివర వాచీలు రిపేరు చేసే పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వెనక మూతకున్న నాలుగు చిన్న స్క్రూలు తీసి మాకే చూపించారు. "నీళ్లు లోపలికి పోకుండా ఇక్కడ రబ్బరు రింగు ఉండాలి బాబూ, అసలు పెట్టనే లేదు" అన్నారు. సీఆర్2016 సెల్ ఉండాల్సిన చోట అంతకన్నా చిన్న బటన్ సెల్ ఉంది. అది అటూ ఇటూ కదలకుండా పక్కన ఒక ప్లాస్టిక్ ముక్క ఇరికించారు. పైకి కనిపించేదంతా అచ్చు గుద్దినట్టు చేసి, మూత తీస్తే తప్ప కనపడని దగ్గరల్లా డబ్బు మిగుల్చుకున్నారు.

నాకు బాధ కలిగింది డబ్బు గురించి మాత్రమే కాదు. ఆ వాచీ నిజంగా మంచి పనితనం ఉన్న వస్తువు. 1989లో వచ్చింది. డిజైన్ చేసిన ర్యూసుకే మొరియాయికి క్యాసియోలో అదే మొదటి వాచీ. మందం 8.5 మిల్లీమీటర్లు, బరువు 21 గ్రాములు. ఒక్క సెల్‌తో సుమారు 7 ఏళ్లు నడుస్తుంది. నెలకు 30 సెకన్లకు మించి అటూ ఇటూ పోదని కంపెనీ చెబుతుంది. లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తే, చిప్ ఆ సంఖ్యను వరసగా 15 సార్లు సగం చేసుకుంటూ పోయి సెకనుకు ఒక్క లెక్కకు తెస్తుంది. ఆ స్ఫటికం నాసిరకమైనా, ఫ్యాక్టరీలో సరిగా ట్యూన్ చేయకపోయినా తేడా రోజురోజుకీ పేరుకుంటుంది. మా వాచీకి జరిగింది అదే. రెట్రో లుక్ అని మనం ముచ్చటపడే ఆ సన్నటి నలుపు కేసు, చిన్న డయల్ అన్నీ తక్కువ కరెంటుతో, తక్కువ బరువుతో ఏళ్ల తరబడి పనిచేయాలన్న ఆలోచనలోంచి వచ్చినవే. ఆ ఆలోచన తీసేసి ముఖం మాత్రం కాపీ కొడితే చేతికి మిగిలేది బొమ్మ వాచీయే.

మీ దగ్గర ఇప్పటికే ఉంటే ముందు ఇది చేయండి. మామూలుగా టైము కనిపిస్తున్నప్పుడు కుడివైపు బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకోండి. ఒరిజినల్ అయితే తెర మీద క్యాసియో అన్న ఇంగ్లీషు అక్షరాలు వస్తాయి. మాదాంట్లో 12 గంటల పద్ధతి నుంచి 24కి మారడం తప్ప ఏమీ జరగలేదు. అయితే అక్షరాలు వచ్చినంత మాత్రాన గుండె మీద చెయ్యి వేసుకోకండి, వాటిని కూడా చూపించే నకిలీలు వచ్చేశాయి. లైటు వేసి చూడండి: ఒరిజినల్‌లో ఎడమ పక్కనుంచి చిన్న ఆకుపచ్చ వెలుగు వస్తుంది. డయల్ మొత్తం తెల్లగానో నీలంగానో మెరిసిపోతుంటే తేడా ఉన్నట్టే. ఇంట్లో గ్రాముల్లో తూచే కిచెన్ స్కేలు ఉంటే బరువు కూడా చూడండి. వెనక "చైనా" అని ఉందని మాత్రం కంగారు పడొద్దు. ఒరిజినల్స్ కూడా అక్కడ తయారవుతాయి.

అన్నిటికన్నా నమ్మదగ్గది పెట్టె. దిగుమతి చేసి అమ్మే సరుకు ప్యాకెట్ మీద దిగుమతిదారు పేరు, అడ్రసు, ఎమ్మార్పీ, ఏ దేశంలో తయారైందో, ఫిర్యాదు చేయడానికి ఫోన్ నంబరు ఉండాలని మన చట్టమే చెబుతోంది. మాకు వచ్చిన పెట్టె మీద ఒక బార్‌కోడ్ తప్ప ఇవేవీ లేవు.

"ఫస్ట్ కాపీ", "ప్రీమియం క్వాలిటీ", "వింటేజ్ స్టైల్" అని రాసినవాటి జోలికి పోకండి. ఫస్ట్ కాపీ అంటే నకిలీయే, దానికి వేరే గౌరవం ఏమీ లేదు. క్యాసియోదే వెండి రంగు ఏ158 మోడల్ చూసి "ఫుల్ స్టీల్ బాడీ" అని ఎవరైనా రాస్తే అదీ నమ్మొద్దు. ఒరిజినల్‌లో కూడా గొలుసు స్టీలే గానీ, కేసు ప్లాస్టిక్ మీద క్రోమ్ పూత.

ఒరిజినల్‌కీ పరిమితులు ఉన్నాయి, వాటిని చూసి డూప్లికేట్ అనుకోకండి. వాటర్ రెసిస్ట్ అని ఉంటే వాన చినుకులకీ చేతులు కడుక్కోవడానికీ పర్లేదు, ఈతకి పనికిరాదు. లైటు చిన్నది, చీకట్లో అంకెలన్నీ స్పష్టంగా కనపడవు. ఫిబ్రవరికి ఎప్పుడూ 28 రోజులే లెక్కేస్తుంది కాబట్టి 2028లో ఫిబ్రవరి 29న మీరే తేదీ సరిచేసుకోవాలి.

మా విషయానికొస్తే, రిటర్న్ గడువు దాటిందని సెల్లర్ చేతులెత్తేశాడు. వాచీ మార్చి ఇస్తానని ఒకసారి, సెల్ మార్చుకోమని ఒకసారి చెప్పి తర్వాత జవాబివ్వడమే మానేశాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాం. యాప్ కస్టమర్ కేర్‌కి పెట్టె నాలుగు పక్కలా తీసిన ఫొటోలు, మూత తీసినప్పటి ఫొటోలు పంపాం. టైము తేడా గురించి ఎంత మొత్తుకున్నా పట్టించుకోనివాళ్లు, దిగుమతిదారు వివరాలు లేని పెట్టె ఫొటో చూశాక దారికొచ్చి డబ్బు వెనక్కి ఇచ్చారు. అందుకే చెబుతున్నా, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, పెట్టె పారేయకండి, సెల్లర్ పేరు, అడ్రసు ఉన్న పేజీ స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. వాచీ తెప్పించుకుని ఇంకా రిటర్న్ గడువు ఉన్నవాళ్లు బటన్, లైటు, పెట్టె ఈ రోజే చూసేయండి. ఫోన్ టైముతో కలిపి పెట్టి రెండు మూడు రోజులు గమనించండి. తేడా కనిపిస్తే గడువు లోపలే వెనక్కి పంపేయండి.