న్జిడెకా అకున్యిలి క్రాస్బీ చిత్రాల్లోని ఇల్లు

నైజీరియాలోని ఎనుగులో 1983లో పుట్టి, 1999లో అమెరికా వెళ్లి, లాస్ ఏంజెలెస్‌లో స్థిరపడిన న్జిడెకా అకున్యిలి క్రాస్బీ మిశ్రమ మాధ్యమ చిత్రాలు, ఇంటి జీవితాన్ని కళలో వెతికేవారు తప్పక చూడవలసినవి. పెద్ద కాగితంపై యాక్రిలిక్ రంగులు, బొగ్గు, రంగు పెన్సిళ్లు వాడి, వాటి నడుమ నైజీరియా పత్రికల బొమ్మలను, కుటుంబ ఫొటోలను ద్రావకంతో రుద్ది కాగితంలోకి దింపడం ఆమె పద్ధతి. దూరం నుంచి సోఫా, బల్ల, ఒకరినొకరు ఆనుకున్న దంపతులు మాత్రమే కనిపిస్తారు. దగ్గరికి వెళితే గోడ, నేల, ఒక్కోచోట మనిషి చర్మం కూడా చిన్నచిన్న ముఖాలతో నిండి ఉంటుంది. 2012 నాటి ‘5 ఉమెజెబి స్ట్రీట్, న్యూ హేవెన్, ఎనుగు’ నాకు అన్నింటికన్నా ఎక్కువ నచ్చింది. ఒకే గదిలో చేరినా ఎవరి ధ్యాసలో వారున్న ఆ మనుషుల దగ్గరితనం ఉమ్మడి కుటుంబంలో పెరిగిన ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ఆ ముద్రిత ముఖాలు ఎవరివో తెలియని మనవంటివారికి మాత్రం కొంత సారం అందదు. ప్రదర్శనశాలలు వాటి గురించి ఇంకాస్త వివరంగా రాసిపెడితే బాగుంటుంది. ఫోన్ తెరపై ఈ పొరలేవీ తేలవు కనుక, వీలైనవారు అసలు చిత్రాలనే చూడాలని నా సలహా.