పేపర్లో తప్పు పడితే: చెన్నై నుంచి ‘సవరణ’ పెట్టెల వాడకం

‘ది హిందూ’లో ‘కరెక్షన్స్ అండ్ క్లారిఫికేషన్స్’ పేరుతో వచ్చే చిన్న పెట్టెనీ, తెలుగు దినపత్రికల చెన్నై పేజీల్లో ఎప్పుడో గానీ కనబడని ‘సవరణ’నీ ఏళ్లుగా చదువుతూ, రెండింటికీ ఉత్తరాలు రాస్తూ ఉన్నాక చెబుతున్న మాటలివి. మొదటిది రోజూ వాడే గిన్నె. రెండోది అటక మీది గంగాళం.

ఆ ఇంగ్లిషు పత్రిక 2006లో రీడర్స్ ఎడిటర్‌ను, అంటే పాఠకుల ఫిర్యాదులు విని తప్పులు దిద్దించే మనిషిని, పెట్టుకుంది; మొదట ఆ కుర్చీలో కూర్చున్నది కె. నారాయణన్. పెట్టె బాగా పనిచేయడానికి కారణం అది పెట్టే షరతే: ఏ ఊరి ఎడిషన్, ఏ తేదీ, ఏ పేజీ, మూడూ చెప్పాలి. చెన్నై ఎడిషన్‌లో పడ్డ తప్పు బెంగళూరు ఎడిషన్‌లో ఉండకపోవచ్చు. ‘మీ పేపర్లో తప్పు రాశారు’ అని మాత్రమే రాస్తే డెస్కులో దాన్ని వెతికే తీరిక ఎవరికుంటుంది?

తెలుగు పేజీల్లో ఎక్కువగా తప్పేది నీళ్ల లెక్క. చెన్నైకి తాగునీరిచ్చే పుళల్ చెరువు పూర్తి సామర్థ్యం 3,300 మిలియన్ ఘనపుటడుగులు, అంటే 3.3 టీఎంసీలు (టీఎంసీ అంటే వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు). ఇంగ్లిషు కాపీలోని ‘ఎంసీఎఫ్‌టీ’ని (మిలియన్ ఘనపుటడుగులు) అలవాటు కొద్దీ ‘టీఎంసీ’ అని కొట్టేస్తే 3,300 టీఎంసీలైపోతుంది. నాగార్జునసాగర్ నిండినా 312 టీఎంసీలే! ఇంకో రకం, క్యూసెక్కుల్ని నిల్వగా రాయడం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం. 11,574 క్యూసెక్కులు 24 గంటలూ ఆగకుండా పారితే ఒక టీఎంసీ.

తప్పులా కనబడి తప్పు కానివీ ఉంటాయి. చెన్నైకి కృష్ణా నీళ్లు తెచ్చే తెలుగుగంగ పథకంలో నీళ్లు 15 టీఎంసీలని ఒకరు, 12 అని ఇంకొకరు రాస్తారు. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ తలా 5 చొప్పున ఇస్తామన్నవి 15; దారిలో ఆవిరీ ఇంకుడూ పోను తమిళనాడు సరిహద్దులో అందాల్సినవి 12. ఇక్కడ అడగాల్సింది సవరణ కాదు, వివరణ.

పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. పుళల్‌లోని తమిళ అక్షరాన్ని ఇంగ్లిషులో జెడ్, హెచ్ పెట్టి రాస్తారు కాబట్టి, ఇంగ్లిషు వార్తను చూసి తెలుగు చేసేవాళ్ల చేతిలో అది ‘పుజల్’ అవుతుంది. కోళికోడ్ ‘కోజికోడ్’ అయ్యిందీ ఈ దారినే.

ఉత్తరం ఇంతే ఉండాలి: ‘ఫలానా తేదీ, చెన్నై ఎడిషన్, 4వ పేజీ, రెండో పేరా. 3,300 టీఎంసీలు అని పడింది. 3,300 మిలియన్ ఘనపుటడుగులు అని ఉండాలి. ఆధారం: చెన్నై నీటి సరఫరా సంస్థ మెట్రో వాటర్ వెబ్‌సైట్‌లోని చెరువుల పట్టిక.’ ఒక ఉత్తరానికి ఒక్క తప్పే. శీర్షిక మీద కోపం కూడా అందులోనే కలిపితే అంకె సంగతి పక్కకు పోతుంది. ఎవరికి పంపాలో తెలియకపోతే సంపాదకుడి పేరు, చిరునామా ఉండే ఇంప్రింట్ లైను చూడండి.

జవాబు రాకపోతే పత్రికల మీద ఫిర్యాదులు విచారించే ప్రెస్ కౌన్సిల్ ఉంది. దినపత్రికైతే అచ్చయిన రెండు నెలల్లోగా ఫిర్యాదు చేయాలి. ముందుగా సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, కటింగ్, తెలుగు కటింగైతే దానికి ఇంగ్లిషు అనువాదం జతచేయాలి. కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. జరిమానా వేసే అధికారం మాత్రం దానికి లేదు. అంకె తప్పుకి ఇంత దూరం వెళ్లడం దండగ. పరువుకి సంబంధించినదైతే వెళ్లండి.

అసలు లోపం అచ్చులో కన్నా ఫోన్లో ఎక్కువ. మొదటి పేజీలో పడ్డ తప్పుకి లోపలి పేజీలో సవరణ వచ్చినా, ఈ-పేపర్లో ఆ పాత పేజీ అలాగే ఉంటుంది. కొన్ని వెబ్‌సైట్లు ‘సవరించాం’ అన్న ముక్క కూడా లేకుండా అంకె మార్చేస్తాయి. అందుకే ఉత్తరం పంపేముందే ఆ వెబ్ పేజీని వేబ్యాక్ మెషీన్‌లో (వెబ్ పేజీల పాత ప్రతుల్ని దాచే సైటు) భద్రం చేసుకోవాలి. స్క్రీన్‌షాట్ ఒక్కటే సరిపోదు. యాప్ నోటిఫికేషన్‌గా ఫోన్లకు వెళ్లిపోయిన తప్పు శీర్షికకు, సవరణ కూడా నోటిఫికేషన్‌గా రావడం మాత్రం ఇంతవరకు చూడలేదు.