లాంకాస్టర్‌లో పాత రైఫిళ్ల వెంట: చూసిన మ్యూజియంలు, పోయిన అడ్వాన్సు

పెన్సిల్వేనియా పొడవు రైఫిల్ కొనాలనుకునేవారు ముందు మ్యూజియం చూసి, ఆ తరువాతే దుకాణం గడప తొక్కాలి. మేము అలా వెళ్లినందువల్లనే మా బావగారి 6,800 డాలర్లు మిగిలాయి. ఫోనులో ముందే కట్టిన 200 డాలర్ల అడ్వాన్సు మాత్రం తిరిగి రాలేదు.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి కారులో వెళ్లి పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ శివార్లలో ఒక మోటెల్‌లో దిగాము. పన్నులతో కలిపి రాత్రికి 131 డాలర్లు. గది శుభ్రంగానే ఉంది.

లాండిస్ వ్యాలీ మ్యూజియానికి సగం రోజైనా కేటాయించండి. హెన్రీ, జార్జ్ లాండిస్ అనే అన్నదమ్ములు 1925లో తెరిచిన చోటు ఇది. జర్మన్ మాట్లాడే వలస పనివారు తమ పొట్టి వేట తుపాకీని 18వ శతాబ్దంలో ఈ అడవులకు తగినట్లు ఎలా మార్చుకున్నారో అక్కడి పెద్దాయన ఎంతో ఓపికగా వివరించారు: మూడున్నర అడుగులు దాటిన ఎనిమిది పలకల గొట్టం, సీసమూ మందూ ఆదా అయ్యే చిన్న గుండు, పులిచారల మేపుల్ కర్ర, భుజానికి ఆనించే మడమ పక్కన ఇత్తడి మూత పెట్టె. చెకుముకి తుపాకీలో నిప్పు పడే రంధ్రం చుట్టూ ఇనుము ఏళ్ల తరబడి కాలి గుంటలు పడుతుందని ఆయన వేలితో చూపించారు. మాకు అక్కరకు వచ్చినది ఆ ఒక్క మాటే.

మధ్యాహ్నం వెళ్లిన దుకాణంలో యజమాని తన రైఫిల్ 1790 ప్రాంతానిదని, చెకుముకి తాళం, అంటే మందు అంటించే యంత్రభాగం, మొదటినుంచీ ఉన్నదేనని ప్రమాణపూర్వకంగా చెప్పాడు. దీపం దగ్గరగా పెట్టి చూస్తే గొట్టమంతా గరుకుగా ఉంది, రంధ్రం చుట్టూ మాత్రం గుండ్రటి కొత్త ఇనుప బిళ్ల నున్నగా మెరుస్తోంది. 19వ శతాబ్దంలో చెకుముకి రాయికి బదులు చిన్న లోహపు టోపీని కొట్టి పేల్చే క్యాపుల పద్ధతి వచ్చాక ఇటువంటి తుపాకులను వేలకొద్దీ మార్చారు. వాటిలో కొన్నింటిని తరువాతి కాలంలో మళ్లీ చెకుముకికి తిప్పారు. ఆ కొత్త బిళ్లను బట్టి ఇదీ అలాంటిదేనని మాకు అర్థమైంది. అలా తిప్పడం తప్పు కాదు, కానీ దాచిపెట్టి పూర్తి ధర అడగడం పచ్చి మోసం. 1898లో గానీ అంతకు ముందు గానీ తయారైనవి 1968 నాటి ఫెడరల్ తుపాకీ చట్టం పరిధిలోకి రావు కనుక కుర్చీ, బల్ల అమ్మినంత సులువుగా అమ్ముతారు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి. అడ్వాన్సు తిరిగి ఇమ్మని అడిగితే, రైఫిల్ మీ కోసం ఆపి ఉంచినందుకు అది చెల్లు అన్నాడు ఆ యజమాని. బావగారు ఆ రాత్రి 24 డాలర్ల బఫేలో పళ్లెం ముందు కూర్చుని రెండు ముద్దలు కూడా తినలేదు.

ఆదివారం నాజరెత్ దగ్గర జేకబ్స్‌బర్గ్‌లో పొడవు రైఫిళ్ల మ్యూజియం చూశాక ఆయన తేరుకున్నారు. హెన్రీ అనే ఇంటిపేరు గల కుటుంబం తరతరాలుగా తుపాకులు చేసిన ఊరు అది. అన్ని రోజులూ తెరిచి ఉండదు, తేదీలు చూసుకుని బయలుదేరండి. ఇక దుకాణాల సంగతి: తాళం విప్పి లోపలి వైపు చూపనివారికి, మార్పులన్నీ రసీదులో రాసి సంతకం చేయనివారికి ఒక్క డాలరు కూడా ముందుగా ఇవ్వకండి.