ఏడేళ్ల ఎండావానల తర్వాత మా ఇంటి రంగులు: ఏవి నిలిచాయి, ఏవి వెలిసిపోయాయి

మా ఇంటికి బయట రంగులు వేయించి ఏడేళ్లు దాటింది. మళ్లీ వేయించాల్సిన సమయం వచ్చింది కాబట్టి మొన్న ఒక ఉదయం ఇంటి చుట్టూ తిరిగి ఒక్కో గోడనూ చేత్తో తడిమి చూశాను. అప్పట్లో మేం నాలుగు రంగులు ఎంచుకున్నాం. పెద్ద గోడలన్నిటికీ లేత ఇసుక రంగు. ముందువైపు ఎలివేషన్‌లో నిలువు పట్టీకి నిగనిగలాడే ఎరుపు. పడమటి వైపున్న మెట్ల గదికి ముదురు బూడిద రంగు. పిట్టగోడకూ కిటికీల మీది సన్‌షేడ్లకూ తెలుపు. అన్నీ ఒకే కంపెనీ, ఒకే రకం ఎక్స్‌టీరియర్ ఎమల్షన్, అంటే బయటి గోడలకు వేసే నీళ్లలో కలిసే పెయింట్. వేసిన పెయింటర్లు కూడా వాళ్లే. అయినా నాలుగూ నాలుగు రకాలుగా పాతబడ్డాయి. తేడా అంతా రంగుదీ, అది ఉన్న చోటుదీ.

ముందుగా ఇసుక రంగు సంగతి. షేడ్ కార్డులో చూసినప్పుడు ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. కళ లేదన్నారు, మట్టికొట్టుకుపోయినట్టుందన్నారు. మా ఆవిడ ఒక్కతే పట్టుబట్టింది. గోడ మీద పడ్డాక అదే అందరికీ నచ్చింది. కార్డులో అగ్గిపెట్టెంత ముక్క ఆరుబయట వెలుగులో పెద్ద గోడంతా పరుచుకుంటే ఒకటి రెండు మెట్లు లేతగా, అయినా రంగు ఇంకాస్త కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కార్డులో ముద్దుగా కనిపించే పసుపు గోడ మీద కళ్లు చెదరగొడుతుంది. కార్డులో నీరసంగా అనిపించేదే బయట సరిగ్గా సరిపోతుంది. ఈ రంగు మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే: మిట్ట మధ్యాహ్నం దాదాపు తెల్లగా కనిపిస్తుంది. ఇంకొక్క మెట్టు ముదురు తీసుకుని ఉండాల్సింది. అది తప్ప ఏడేళ్లలో వంక పెట్టడానికి లేదు. దుమ్ము పడినా తెలియదు, వానకు కింద చిమ్మిన మట్టి మరకలూ పెద్దగా కనబడవు.

ఎరుపు పట్టీ నన్ను బాగా బాధపెట్టింది. వేసిన కొత్తలో వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేవారు. మూడో ఏడాదికే గులాబీ వైపు తిరిగింది. ఇప్పుడు సన్‌షేడ్ నీడ పడే జానెడు భాగం మాత్రం పాత ఎరుపులోనే ఉంది, దాని కింద గీత గీసినట్టు వెలిసిపోయింది. పెయింటర్ తప్పేమో అని చాలాకాలం అనుకున్నాను. కానీ అదే వారం గేటు స్తంభాలకు ఇటుక ఎరుపు వేయించాం. రోజంతా అదే ఎండలో నిలబడ్డ ఆ స్తంభాలు ఈరోజుకీ దాదాపు అలాగే ఉన్నాయి. ఎందుకిలా అని అడిగి, చదివి తెలుసుకున్నాను. ఇటుక ఎరుపు, ఆవాల పసుపు, మట్టి గోధుమ లాంటివి ఎక్కువగా ఐరన్ ఆక్సైడ్‌తో వచ్చే రంగులు. అది తుప్పు జాతి పదార్థం కాబట్టి ఎండ దాన్ని ఇంకేమీ చేయలేదు. నిగనిగలాడే ఎరుపులు, గులాబీలు, నిమ్మపండు పసుపులు ఎక్కువగా ఆర్గానిక్ పిగ్మెంట్లతో, అంటే కార్బన్ అణువులతో తయారైన రంగు పొడులతో వస్తాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు వాటి అణువులనే విరగ్గొడతాయి. వాటిలోనూ ఖరీదైనవి కొన్ని బాగా ఆగుతాయి, కానీ డబ్బా మీద చూసి కొనేవాళ్లం దాన్ని కనిపెట్టలేం. ఇంకో విషయం, ఆ ఎరుపు కింది రంగును సరిగా కప్పలేదు. రెండు పూతలతో అయ్యే పనికి నాలుగు పూతలు పట్టాయి.

బూడిద రంగు గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు చాలామంది అదే వేయిస్తున్నారు.

మొదటిది వేడి. కొన్ని కంపెనీలు ప్రతి షేడ్‌కూ ఎల్‌ఆర్‌వీ (లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ) అని ఒక అంకె ఇస్తాయి. ఆ రంగు ఎంత వెలుతురును తిప్పి కొడుతుందో చెప్పే కొలత అది. నల్లటి నలుపు 0, తెల్లటి తెలుపు 100. మా బూడిద రంగు ఈ కొలతలో అట్టడుగున ఉండేది. పడమటి ఎండంతా ఆ గోడే తాగేసేది. సాయంత్రం ఆరింటికి కూడా లోపల మెట్ల గది గోడ చేతికి వెచ్చగా తగిలేది. పగలు వేడెక్కి వ్యాకోచించి, రాత్రి చల్లారి ముడుచుకునే ఈ పని ముదురు రంగు గోడకు ఎక్కువ. వెంట్రుక మందం పగుళ్లు ముందుగా అక్కడే తేలాయి.

రెండోది ఉప్పు. ఇది మా తొందర వల్ల జరిగింది. మెట్ల గది ప్లాస్టరింగ్ చివర్లో అయింది. కొత్త ప్లాస్టర్‌లో క్షార గుణం చాలా ఎక్కువ, కనీసం 28 రోజులు వదిలేసి, బాగా ఆరాక, క్షారాన్ని తట్టుకునే ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కొట్టి రంగు వేయాలి. ఇంట్లో చేరాలన్న ఆత్రంలో మేం రెండు వారాలకే వేయించాం. మొదటి వానాకాలం తర్వాత తెల్లటి ఉప్పు పొరలు పైకి తేలాయి. లేత రంగైతే కనిపించేది కాదేమో, ముదురు బూడిద మీద ముగ్గు చల్లినట్టు కనిపించింది. అది చాలదన్నట్టు, ఇప్పుడు చెయ్యి ఆనిస్తే బూడిద రంగు పొడి అంటుకుంటోంది. ఎండకు పెయింట్‌లోని జిగురు దెబ్బతిని రంగు పొడిగా రాలడం అన్నమాట. వానకు ఆ పొడి కారి, కింది ఇసుక రంగు మీద చారలు పడ్డాయి.

మూడోది నేను ఊహించనిది. కార్డులో ఏ ఛాయా లేని బూడిద రంగు, గోడ మీద, ముఖ్యంగా ఎండ తగలని వేళ నీలంగా కనిపించేది. తప్పు డబ్బా వచ్చిందేమో అని కోడ్ కూడా చూసుకున్నాం, సరిగ్గానే ఉంది. నీడలో ఉన్న గోడ మీద ఆకాశపు నీలి వెలుగే పడుతుంది, అది ఒక కారణం. పక్కన పసుపు ఛాయ ఉన్న ఇసుక రంగు ఉండటం ఇంకో కారణం. ప్యారిస్‌లోని గోబెలిన్ నేత కర్మాగారంలో అద్దకాలు చూసుకునే రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్‌కు, నల్ల దారం సరిగ్గా నల్లగా లేదని ఫిర్యాదు వచ్చిందట. పరీక్షిస్తే దారంలో లోపం లేదు, పక్కనున్న రంగుల వల్ల అలా కనిపిస్తోందని తేలింది. పక్కపక్కనున్న రంగులు ఒకదాన్నొకటి తమకు వ్యతిరేకమైన రంగు వైపు నెట్టినట్టు కనిపిస్తాయని 1839లో ఆయన దాన్ని ఒక నియమంగా వివరించారు. మా మెట్ల గదికి జరిగింది కూడా అదే: పసుపు ఛాయ పక్కన బూడిద నీలంగా కనిపించింది. రంగును ఎప్పుడూ ఒంటరిగా చూసి ఒప్పుకోకూడదని నాకు అలా తెలిసొచ్చింది. కిటికీ ఫ్రేములు, మెట్ల రాయి, గేటు పక్కన పెట్టి చూడాలి. అవి మారవు కదా.

తెలుపు సంగతి సులువు. సన్‌షేడ్ల అడుగు భాగంలో ఇప్పటికీ శుభ్రంగా ఉంది. పిట్టగోడ మీద మాత్రం రెండో వానాకాలానికే నల్లటి పాచి చారలు. అది రంగు తప్పు కాదు. పిట్టగోడ పైభాగం వాలు బయటికి ఉంది, నీళ్లన్నీ గోడ మొహం మీదే కారేవి. ప్రతి ఏడాదీ కడిగించాం, ప్రతి ఏడాదీ వచ్చింది. ఈసారి వాలును లోపలికి తిప్పించాకే రంగు.

మెరుపు విషయానికొస్తే, మెరుపున్న ఫినిష్ తేలిగ్గా శుభ్రపడుతుంది కానీ గోడలోని ఎత్తుపల్లాలన్నీ ఏటవాలు ఎండలో చూపిస్తుంది. మా గోడలకు మ్యాట్‌కు దగ్గరగా ఉన్నదే నప్పింది. పైపు కోసం చేసిన రంధ్రం పూడ్చి, దాచిపెట్టిన అదే డబ్బా రంగుతో టచప్ చేసినా మచ్చ తెలిసింది, ఎందుకంటే చుట్టూ ఉన్నది ఎండకు మారింది. మూల నుంచి మూల దాకా మొత్తం గోడ వేస్తే తప్ప కలవదు. షేడ్ కోడ్, బ్యాచ్ నంబర్ ఉన్న డబ్బా మూతను ఫోటో తీసి పెట్టుకున్నాను, ఇప్పుడు అదే ఉపయోగపడుతోంది.

అప్పుడు చిన్న కార్డు చూసి నిర్ణయించాం. ఇప్పుడు మూడడుగుల సిమెంట్ బోర్డులు నాలుగు తెచ్చి, ఒక్కోదానికి రెండు పూతలు వేయించాను. పాత గోడ మీదే శాంపిల్ కొడితే చుట్టూ ఉన్న పాత రంగు కంటిని మోసం చేస్తుంది, బోర్డైతే పడమటి ఎండలోకీ నీడలోకీ మోసుకెళ్లొచ్చు. తడిగా ఉన్నప్పుడు చూడకుండా మర్నాటి దాకా ఆగాను, ఎమల్షన్ సాధారణంగా ఆరాక కాస్త ముదురుతుంది.

పెద్ద గోడలకు పాత ఇసుక రంగే, ఒక మెట్టు ముదురుగా ఖాయమైంది. పట్టీకి గేటు స్తంభాల ఇటుక ఎరుపు. మెట్ల గదికి మాత్రం ఇంకా తేలలేదు. గోధుమ కలిసిన మధ్యస్థపు బూడిద రంగులు రెండు మిగిలాయి. నిన్న మబ్బు పట్టినప్పుడు అందులో ఒకటి ఆకుపచ్చ వైపు తిరిగింది, దాన్ని తీసేయమంది మా ఆవిడ. రెండోదాన్ని ఈ వారమంతా పడమటి గోడకే ఆనించి ఉంచుతున్నాం.