ఐరిష్ ఫ్లూట్: నల్లకర్రా, డెల్రినా, పాత సరుకా... ఏది మేలు?

ఐరిష్ సంగీతం కోసం కర్ర ఫ్లూట్ కొనాలనుకునేవాళ్లు ముందు అడిగేది "ఏ కర్రది మంచిది?" అని. నన్నడిగితే అది ఆఖర్న అడగాల్సిన ప్రశ్న. ఊదే రంధ్రాన్ని ఎలా చెక్కారు, లోపలి బోర్, అంటే గాలి పోయే దారి, ఎలా తొలిచారు, శ్రుతి నిలుస్తుందా, ముందు చూడాల్సినవి ఇవి.

మన కర్ణాటక వేణువు వెదురు గొట్టం, లోపల దాదాపు ఒకే వెడల్పు. ఐరిష్ ఫ్లూట్‌లో తల భాగమే అలా ఉంటుంది. అక్కణ్ణించి కిందికి పోయేకొద్దీ బోర్ సన్నబడుతుంది. నిజానికి ఇది 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ కచేరీల్లో వాడిన ఫ్లూట్. జర్మన్ తయారీదారు బోమ్ 1847లో తెచ్చిన కొత్త రకానికి కచేరీ వాద్యకారులు క్రమంగా మారిపోయాక, పాతవి చవగ్గా జానపద వాద్యకారుల చేతికొచ్చాయి. ఇప్పటి తయారీదార్లలో చాలామందికి ఆనాటి లండన్ కంపెనీ రుడాల్ అండ్ రోజ్ ఫ్లూట్లూ, ప్రాటెన్ అనే వాద్యకారుడి పేరిట వచ్చిన ఫ్లూట్లే నమూనాలు. ప్రాటెన్‌కి రంధ్రాలు పెద్దవి, గొంతూ పెద్దదే. చిన్న చేతులవాళ్లకి, కొత్తవాళ్లకి రుడాల్ తరహా హాయి.

ఆన్‌లైన్‌లో అతి చవగ్గా దొరికే, నగిషీలు చెక్కిన షీషమ్ కర్ర ఫ్లూట్లు చూడ్డానికి ముచ్చటగానే ఉంటాయి. నేను ఊది చూసినవాటిలో మాత్రం మంద్రస్థాయి, తారస్థాయి ఒకదానితో ఒకటి కలవలేదు. నేర్చుకునేవాడు తప్పు తనదే అనుకుని వదిలేస్తాడు. వీటి జోలికి పోవద్దు.

డెల్రిన్ అనేది గట్టి ప్లాస్టిక్. పగలదు, నూనె పట్టించక్కర్లేదు, ఎండకీ వానకీ చలించదు. "ప్లాస్టిక్‌లో నాదం ఎక్కడుంటుంది?" అని పెదవి విరిచేవాళ్లకి ఒక సంగతి. జాన్ కోల్ట్‌మన్ అనే శాస్త్రవేత్త వెండి, రాగి, కర్రలతో ఒకే కొలతల ఫ్లూట్లు చేయించి పరీక్షించి, ఫలితాలు 1971లో ప్రచురించాడు. ఏది ఏదో వినేవాళ్లు పోల్చలేకపోయారు, చూడకుండా వాయించినవాళ్లూ పోల్చలేకపోయారు. నాదం గొట్టం లోపలి గాలిది. మంచి పనివాడు చేసిన డెల్రిన్ ఫ్లూట్ నాసిరకం నల్లకర్రదాన్ని సులువుగా ఓడిస్తుంది.

మరి నల్లకర్రకి, అంటే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌కి, అంత ధర ఎందుకు? నీళ్లలో మునిగేంత బరువైన కర్ర, పనిముట్టుకి శుభ్రంగా తెగుతుంది, రంధ్రాల అంచులు పదునుగా నిలుస్తాయి. బాక్స్‌వుడ్ తేలిక, పసుపురంగు అందం, కానీ తేమకి వంగే గుణం ఉంది. కర్ర ఏదైనా, కొత్త ఫ్లూట్‌ని మొదటి వారాల్లో రోజూ కాసేపే ఊదాలి.

ఎనిమిది మీటల (రంధ్రాల్ని మూసి తెరిచే లోహపు మీటలు) పాత ఫ్లూట్ మీద మోజు నాకూ ఉంది. తల లోపల లోహపు గొట్టం ఉన్నవాటిలో కర్ర ఎండి కుంచించుకుపోతుంది, లోహం కుంచించుకోదు, దాంతో కర్ర బీటలు వారుతుంది. పైగా శ్రుతి గొడవ. ఆ కాలపు ఇంగ్లిష్ ఫ్లూట్లలో కొన్ని ఏ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర పలికేలా ట్యూన్ చేసినవి, నేటి 440తో పొసగవు. బాగుచేసే మనిషి అందుబాటులో లేకపోతే వద్దు.

ఏదైనా చేతికొచ్చాక నేను చేసే పరీక్షలివి. తల భాగం తీసేసి, వేళ్లతో రంధ్రాలన్నీ మూసి, ఒక కొస అరచేత్తో బిగించి, రెండో వైపు నుంచి గాలి పీల్చాలి. లోపల పట్టు కాసేపైనా నిలవాలి. వెంటనే జారిపోతే అతుకుల దగ్గరో, మీటల కిందో గాలి కారుతోందన్నమాట. తర్వాత ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) పెట్టుకుని కింది డీ (వేళ్ల రంధ్రాలన్నీ మూస్తే పలికే స్వరం), దాని పై స్థాయి డీ ఊదాలి, రెండూ కలవాలి. చాలా ఫ్లూట్లలో ఎఫ్ షార్ప్ కాస్త కిందికీ, ఏ కాస్త పైకీ పోతాయి. పెదవులతో సర్దుకునేంత అయితే ఫర్వాలేదు. సి నాచురల్ కూడా తప్పకుండా చూడాలి, మీటలు లేనిదాంట్లో ఆ స్వరం వేళ్ల అమరికతోనే పలకాలి. అన్నిటికంటే ముఖ్యం కింది డీ. గట్టిగా ఊదితే స్వరం పగిలిపోకుండా, గరుకుగా, నిండుగా మోగాలి. డాన్స్ పాటల్లో పని చాలావరకు ఆ స్వరానిదే. ఊదే రంధ్రం అంచు మొద్దుబారి ఉంటే అది రాదు, పైకి ఎంత మెరుగు పెట్టినా సరే.

నా ఓటు: మొదటిదిగా మీటల్లేని డీ ఫ్లూట్, మంచి తయారీదారు చేసిన డెల్రిన్. సెషన్లలో, అంటే ఐరిష్ వాద్యకారులు కూడి వాయించే చోట, ఎక్కువ పాటలు డీ, జీ మేజర్లలోనే నడుస్తాయి కాబట్టి మీటలు లేకపోయినా పని జరుగుతుంది. చెయ్యి కుదిరాక బ్లాక్‌వుడ్‌కి ఆర్డర్ ఇస్తున్నప్పుడు, తర్వాత మీటలు బిగించుకునేలా దిమ్మలు వదిలి చేస్తారేమో అడగండి. కొందరు చేస్తారు.